ఉసాన్ద్ వమాన్... నీళ్ళు వచ్చాయి

(మీరు అడిగారు, నేను చెబుతున్నాను)

గత సంచికలో ఒక పాఠకురాలు ఆలివ్ నూనె గురించి అడిగారు. జవాబు రాస్తూ, 1978 నుంచి 1981 వరకు మా వారి ఉద్యోగం మీద అల్జీరియాలోని తిజి ఉజులో ఉన్నామని, కొత్త నూనెలో వేడి రొట్టె ముంచుకు తినడం పక్కవాటా ఆవిడే నేర్పిందని, ఆవిడ మాట్లాడేది అరబ్బీ కాదని, అది అమాజిగ్ ప్రజల భాష అని నాలుగు మాటలు రాశాను. నూనె సంగతి అందరూ వదిలేశారు. ఆ చివరి మాట పట్టుకుని సంచి నిండా ఉత్తరాలు రాశారు. నలభై ఏళ్ళుగా నాలో ఉన్న సంగతి గురించి ఇంతమంది అడిగినందుకు నిజంగా సంతోషంగా ఉంది. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

మా అబ్బాయి చరిత్ర పుస్తకంలో ‘బెర్బర్లు’ అని ఉంది. మీరు ‘అమాజిగ్’ అన్నారు. ఇద్దరూ ఒకరేనా? (ఒక గృహిణి, తెనాలి)

ఒకరేనమ్మా. ‘బెర్బర్’ బయటివాళ్ళు పెట్టిన పేరు. తమ భాష రానివాళ్ళ మాటలన్నీ గ్రీకుల చెవికి ‘బర్ బర్’ అని వినిపించాయట. ఆ మాట రోమన్ల నోట, తర్వాత అరబ్బుల నోట పడి, చివరికి ఉత్తర ఆఫ్రికా మూలవాసుల నెత్తిన నిలిచిపోయింది. ఎక్కడైనా ఘోరం జరిగితే మన పత్రికలు ‘బర్బరత’ అని రాస్తాయి చూడండి, దానికి ఇది తోబుట్టువే. అలాంటి పేరుతో ఒక జాతిని పిలుస్తూ ఉండటం నాకు ఇష్టం లేదు. వాళ్ళు తమను పిలుచుకునే పేరు అమాజిగ్. బహువచనం ఇమాజిఘెన్. భాష తమాజిగ్త్. అమాజిగ్ అంటే స్వేచ్ఛ గల మనిషి అని వాళ్ళు అర్థం చెప్పుకుంటారు.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. మా పక్కవాటా ఆవిడ తనను అమాజిగ్ అని చెప్పుకోగా నేను వినలేదు. ఆ కొండలు కబైల్ ప్రాంతం. ఆవిడ భాషకు ఆవిడ పెట్టుకున్న పేరు తఖ్బైలిత్. మొరాకో ఉత్తరాన రిఫ్ కొండల్లో దాన్ని తరిఫిత్ అంటారు, దక్షిణాన సూస్ లోయలో తషెల్హిత్. అల్జీరియా తూర్పున ఔరెస్ కొండల వాళ్ళు షావియాలు. సహారాలో, మాలి, నైజర్ దాకా తిరిగే తువారెగ్‌లది తమాషెక్. ఈజిప్టులో సివా అనే ఒక్క ఎడారి ఊట దగ్గర కూడా ఈ కుటుంబపు భాష ఒకటి ఉంది. వీళ్ళందరినీ కలిపి చెప్పే పేరుగా అమాజిగ్ ఊరూరా పాకింది భాష కోసం జరిగిన ఉద్యమం వల్లనే. మేము వెళ్ళిన కొత్తలో నేను ఫ్రెంచి వాళ్ళలాగా ‘బెర్బేర్’ అన్నాను. ఆవిడ రెండో కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, కోపం తెచ్చుకోలేదు. కాగితం తీసి, ఇమాజిఘెన్ అని రాసి నా చేతికిచ్చాడు. ఆ కాగితం ఇంకా నా నిఘంటువులో ఉంది.

ఆ భాష ఎలా ఉంటుంది? తెలుగుతో పోలికలు ఏమైనా ఉన్నాయా? (తెలుగు ఎం.ఏ. విద్యార్థి, విశాఖపట్నం)

మీరు ఈ ప్రశ్న అడిగినందుకు నా ఆశీస్సులు. చుట్టరికం ఏమీ లేదు. ఇది ఆఫ్రో-ఏషియాటిక్ కుటుంబంలో ఒక శాఖ. అరబ్బీ, హీబ్రూ, పాత ఈజిప్టు భాష, హౌసా వేరే శాఖలు. అంటే అరబ్బీకి దూరపు దాయాది. అరబ్బీ యాస ఎంతమాత్రం కాదు. అయినా నేను ఆ భాషలోకి తెలుగు గుమ్మం నుంచే వెళ్ళాను. ఎలాగో చెబుతాను.

మేమున్న భవనంలో కుళాయి పొద్దున ఒక గంట వచ్చేది. కొన్ని రోజులు అదీ లేదు. నీళ్ళు వచ్చీ రాగానే పక్కవాటా ఆవిడ గోడ మీద రెండు దెబ్బలు కొట్టి ‘ఉసాన్ద్ వమాన్!’ అని కేక వేసేది. నేను బిందెలు తీసుకుని పరుగెత్తేదాన్ని. కబైల్ వాళ్ళు పెద్ద వయసు ఆడవాళ్ళను న్నా అని, మగవాళ్ళను ద్దా అని పేరుకు ముందు చేర్చి పిలుస్తారు, మనం అక్క, అన్న అన్నట్టు. మా ఇంట్లో అందరం ఆవిడను న్నా అనే పిలిచాం, ఇక్కడా అలాగే రాస్తాను. న్నాకు ఫ్రెంచి రాదు, అరబ్బీ అంతంతమాత్రం. నాకు ఆ రెండూ రావు. కాబట్టి మా ఇద్దరికీ మిగిలిన దారి ఆవిడ భాష నేను నేర్చుకోవడమే. ఆవిడ నన్ను ‘అ యెల్లి’ అనేది. ఓ నా కూతురా అని.

అమాన్ అంటే నీళ్ళు. ఎప్పుడూ బహువచనమే, ఏకవచనం లేదు. అందుకే క్రియ కూడా బహువచనం: ఉసాన్ద్, వచ్చాయి. నీళ్ళు వచ్చాయి! ఫ్రెంచిలో నీరు ఏకవచనం, ఇంగ్లీషులోనూ అంతే. ఎక్కడో మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక ముసలావిడ నీళ్ళను మా ఊళ్ళో అన్నట్టే అనడం విని, బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నెత్తురు కూడా వాళ్ళకు బహువచనమే, ఇదమ్మెన్. అమాన్ అన్న మాట సివా ఊట నుంచి అట్లాంటిక్ తీరం దాకా ఒక్కటే. తువారెగ్‌లు ‘అమాన్ ఇమాన్’ అంటారు, నీళ్ళే ప్రాణం అని.

మరి అమాన్ ‘వమాన్’ ఎలా అయింది? మీరు బాలవ్యాకరణం చదువుకున్నారు కాబట్టి చెబుతాను. మనకు ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, చెయ్యి ‘చేతి’ అవుతుంది. విభక్తి చేరేటప్పుడు వచ్చే ఇలాంటి మార్పులను ఔపవిభక్తికాలు అంటాం. మన మార్పు మాట చివర. వాళ్ళకు అలాంటి మార్పు మాట మొదట్లో వస్తుంది. అర్గాజ్ అంటే మగవాడు. ‘లోపలికి వచ్చాడు’ అన్న క్రియ వెనక కర్తగా నిలబడితే ఉర్గాజ్ అవుతాడు: యెక్షెమ్ ఉర్గాజ్. నాకు పాఠం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఈ సూత్రం పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పట్టుకున్న రోజున వంట మానేసి ఆనందంతో ఇల్లంతా తిరిగాను.

ఇంకొక అందం ఉంది. స్త్రీలింగం కావాలంటే మాటకు ముందొక త, వెనకొక త్ తొడుగుతారు. పిల్లి అమ్‌షిష్, ఆడపిల్లి తమ్‌షిష్త్. చిన్నదాన్ని చెప్పడానికీ అదే తొడుగు: అఖ్ఖామ్ ఇల్లు, తఖ్ఖాంత్ గది. అమాజిగ్ నుంచి తమాజిగ్త్ వచ్చింది ఇలాగే. భాష వాళ్ళకు స్త్రీలింగం.

అన్నదమ్ముల మాట చూడండి. గ్మా అంటే సోదరుడు, విడదీస్తే ‘అమ్మ కొడుకు’. ఉల్త్మా అంటే ‘అమ్మ కూతురు’. మనం ఒకే కడుపున పుట్టినవాళ్ళని సహోదరులు అంటాం. కబైల్ కొండల్లో ఆస్తి, ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తాయి. మాటలో మాత్రం అమ్మే కూర్చుంది.

మొరాకో తషెల్హిత్‌లో అచ్చు ఒక్కటి కూడా లేని మాటలున్నాయి. ‘త్ఫ్త్క్త్స్త్త్’ అంటే నువ్వు దాన్ని బెణికించావు అని. ఇలాంటి మాటల్లో అక్షర విభాగం ఎలా చెయ్యాలని భాషాశాస్త్రవేత్తలు పుస్తకాలే రాశారు. ప్రతి మాటనూ అచ్చుతో ముగించే అజంత భాష మనది. మీ తరగతిలో ఒకసారి అందరి చేతా ఈ మాట పలికించండి.

ఒక బాధ కూడా చెప్పాలి. న్నా గుడ్లు లెక్కపెట్టేటప్పుడు యివెన్, సిన్ అని ఒకటి, రెండు తన భాషలో అనేది. మూడు నుంచి త్లాతా, రెబ్ఆ, ఖెంసా, అంతా అరబ్బీ. కబైల్ భాషలో తమ సొంత అంకెలు మామూలు వాడుకలో రెండు దగ్గరే ఆగిపోయాయి. సూస్ లోయలో ఇంకా పది దాకా ఉన్నాయి. మొన్న మా మనవడు ఫోను నంబరు తెలుగులో చెప్పలేకపోయినప్పుడు నాకు ఆ గుడ్ల బుట్ట గుర్తుకు వచ్చింది.

ఫుట్‌బాల్ ఆటగాడు జిదాన్ ఈ జాతివాడేనా? (కడప నుంచి పదో తరగతి విద్యార్థి)

అవును నాయనా. తల్లిదండ్రులు కబైల్ కొండల్లోని అగెమూన్ అనే ఊరివాళ్ళు. ఆయన పుట్టింది 1972లో, ఫ్రాన్సులోని మార్సెయ్‌లో.

మొరాకో, అల్జీరియా అరబ్బు దేశాలే కదా? అరబ్బులు కానివాళ్ళు అక్కడ అంతమంది ఎలా ఉంటారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

అయ్యా, ప్రశ్నను తిరగేసి చూడండి. అక్కడ అంతమంది అరబ్బులు ఎలా అయ్యారు? ఏడో శతాబ్దంలో అరబ్బు సైన్యాలు వచ్చేసరికే ఆ నేల మీద వీళ్ళ రాజ్యాలకు ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ చరిత్ర ఉంది. క్రీ.పూ. 148లో చనిపోయిన మసినిస్సా నుమిడియా అనే రాజ్యాన్ని ఒక్కటి చేసి సిర్తా రాజధానిగా ఏలాడు. ఇప్పటి కాన్‌స్టంటీన్ నగరమే ఆ సిర్తా. క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్ 354లో పుట్టిన తగాస్తె ఇప్పటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్. అరబ్బు సేనలను ఔరెస్ కొండల్లో ఎదిరించిన నాయకురాలు దిహ్యా. అరబ్బులు ఆమెను కాహినా అన్నారు, జోస్యురాలు అని. కబైల్ ఇళ్ళలో ఆడపిల్లలకు ఇప్పటికీ ఆ రెండు పేర్లూ పెడతారు.

తర్వాత వాళ్ళు ఇస్లాం తీసుకున్నారు, దాన్ని తమది చేసుకున్నారు. 711లో స్పెయిన్ మీదికి సేనను నడిపిన తారిక్ బెర్బర్ అనే చరిత్రకారులు చెబుతారు. జిబ్రాల్టర్ అంటే జబల్ తారిక్, తారిక్ కొండ. పదకొండో శతాబ్దంలో మరాకేష్ నగరాన్ని కట్టిన అల్మొరావిడ్‌లు, వాళ్ళను కూలదోసిన అల్మొహాద్‌లు ఇమాజిఘెన్ వంశాలే. రాజ్యాలు వాళ్ళవి, కానీ చదువు, శాసనం, న్యాయం చాలావరకు అరబ్బీలో నడిచాయి. మీరు పిల్లలకు పాఠం చెప్పిన ఇబ్న్ బతూతా ఉన్నాడే, ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసినవాడు, ఆయన పూర్తి పేరులో ‘అల్ లవాతీ’ అని ఉంటుంది. లవాతా ఒక బెర్బర్ తెగ.

వచ్చిన అరబ్బులు కొద్దిమంది, ఉన్నవాళ్ళు ఎక్కువమంది. మైదానాల్లో, పట్టణాల్లో ఊళ్ళకు ఊళ్ళు తరాల మీద భాష మార్చుకున్నాయి. భాషతోపాటే మేము అరబ్బులం అన్న ఎరుక వచ్చింది. కొండల్లో, ఎడారిలో ఉన్నవాళ్ళు మార్చుకోలేదు. మొరాకో 2024 జనగణనలో దాదాపు నాలుగో వంతు మంది తాము తమాజిగ్త్ మాట్లాడతామని చెప్పారు. తక్కిన మూడు వంతులూ వేరే నెత్తురు అనుకోకండి. వాళ్ళ నోటి అరబ్బీని కాస్త గీరితే కింద పాత భాష కనిపిస్తుంది. నజ్జార్ అంటే అరబ్బీలో వడ్రంగి. మొరాకో వాడుకలో వడ్రంగం ‘తనజ్జార్త్’. ముందు త, వెనక త్! అరబ్బీ మాటకు తమాజిగ్త్ తొడుగు. ఊళ్ళ పేర్లు సరేసరి. తెతువాన్ అంటే కళ్ళు, నీటి ఊటలు అని కూడా. అగాదిర్ ధాన్యం దాచుకునే కోట. మేమున్న తిజి ఉజు ముళ్ళ పొదల కనుమ. వసంతంలో ఆ పొదలు పసుపు పచ్చగా పూస్తాయి.

అందుకే అక్కడ ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకు జవాబు నెత్తురులో దొరకదు, నాలుక మీదే దొరుకుతుంది. ఒకే తాతకు పుట్టిన ఇద్దరు మనవళ్ళలో పట్నం వెళ్ళినవాడి పిల్లలు అరబ్బులు, కొండ మీద ఉన్నవాడి పిల్లలు కబైల్ కావడం నేను కళ్ళారా చూశాను.

వాళ్ళకు లిపి ఉందా? (ఒక పాఠకుడు, ఆదోని)

ఉంది, చాలా పాతది. ట్యునీషియాలో దుగ్గా అనే చోట మసినిస్సా కోసం కట్టిన గుడి శాసనం దొరికింది. క్రీ.పూ. రెండో శతాబ్దానిది. ఒకటే సంగతి పాత కార్తేజ్ నగరపు భాష ప్యూనిక్‌లోనూ, స్థానిక లిబిక్ లిపిలోనూ చెక్కారు. ఆ పాత లిపికి వారసురాలు తిఫినాగ్. అన్నీ సున్నాలు, గీతలు, చుక్కలు. మిగతా చోట్ల అది మరుగున పడినా తువారెగ్‌లు వదల్లేదు. తల్లి ఇసుకలో వేలితో రాసి పిల్లలకు నేర్పుతుంది. మొరాకోలో అమాజిగ్ సంస్కృతి కోసం 2001లో పెట్టిన రాజసంస్థ 2003లో దాన్ని 33 అక్షరాలతో బడులకు తెచ్చింది. కబైల్ వాళ్ళు మాత్రం ఎక్కువగా లాటిన్ అక్షరాలే వాడతారు. కానీ అమాజిగ్ ప్రజల మూడు రంగుల జెండా మీద ఎర్రగా నిలిచేది తిఫినాగ్ అక్షరమే. ‘యజ్’ అంటారు, జకారం. నిలువు గీతకు పైనా కిందా రెండు వంపులు. చేతులెత్తి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. అమాజిగ్ అన్న మాట నడుమ ఉన్న జ అదే.

మీరున్నప్పుడే అక్కడ భాష కోసం పెద్ద గొడవ జరిగిందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. పూర్తిగా రాయండి. (ఒక పాఠకురాలు, నెల్లూరు)

రాస్తాను. ఆ గొడవ ఒక కవిత్వ ఉపన్యాసంతో మొదలైంది.

ములూద్ మమ్మెరీ అని రచయిత, పండితుడు. కబైల్ కొండలవాడే. పాత కబైల్ పద్యాలను ముసలివాళ్ళ నోటి నుంచి సేకరించి ఆ సంవత్సరమే పుస్తకం తెచ్చాడు. తిజి ఉజు విశ్వవిద్యాలయ కేంద్రంలో విద్యార్థులు ఆ పద్యాల మీద మాట్లాడమని పిలిచారు. 1980 మార్చి 10. పోలీసులు దారిలోనే ఆయనను ఆపారు, ఉపన్యాసం రద్దయింది. మర్నాడు విద్యార్థులు వీధిలోకి వచ్చారు.

ఆ భయం ఎందుకో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఫ్రెంచి పాలకులు అరబ్బులను, బెర్బర్లను విడదీసి ఏలాలని చూశారు. మొరాకోలో 1930లో బెర్బర్లకు వేరే న్యాయమంటూ ఒక శాసనమే తెచ్చారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక అల్జీరియా పాలకులు ఒకే పార్టీ, ఒకే భాష అన్నారు. వేరే భాష పేరెత్తితే వలస పాలకుల పన్నాగమే అని అనుమానించారు. కానీ ఆ స్వాతంత్ర్య పోరాటానికి దిక్కు చూపిన 1956 ఆగస్టు 20 నాటి సుమ్మామ్ సమావేశం జరిగింది కబైల్ కొండల్లోనే. స్వాతంత్ర్యానికి దారి తీసిన, ఫ్రాన్సుతో చేసుకున్న ఎవియాన్ ఒప్పందం మీద అల్జీరియా తరఫున సంతకం పెట్టిన క్రిమ్ బెల్కాసెమ్ కబైల్ మనిషే. న్నా భర్త కూడా ఆ యుద్ధంలోనే పోయాడు. ఆవిడకు ఆ అనుమానం ఎంత కోతో ఊహించండి.

న్నాకు అక్షరం రాదు. సీ మొహాంద్ పద్యాలు మాత్రం పిండి పిసుకుతూ గంటసేపు చెప్పేది. 1871 తిరుగుబాటును ఫ్రెంచి వాళ్ళు అణిచాక ఇల్లూ భూమీ పోయి, కాలినడకన ఊళ్ళు తిరుగుతూ తొమ్మిది పాదాల పద్యాలు చెప్పిన కవి ఆయన. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చనిపోయాడు. ఒకసారి చెప్పిన పద్యం రెండోసారి చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడట. అందుకే విన్నవాళ్ళు మనసులో పెట్టుకోవలసి వచ్చింది. మన ఇళ్ళలో వేమన పద్యాలు బతికినట్టే బతికాయి. ఉపన్యాసం ఆపారని కొడుకు చెప్పిన రోజు న్నా చేతులకు పిండి అలాగే ఉంది. ‘నేను పిండి పిసుకుతూ చెప్పుకునే మాటలకు వాళ్ళు భయపడుతున్నారా?’ అని అడిగింది. ఎవరినీ ఉద్దేశించి కాదు. నాకు ఆ వాక్యం పూర్తిగా అర్థమైంది. అప్పటికి అంత భాష వచ్చింది.

ప్రభుత్వ పత్రిక మమ్మెరీని తిడుతూ వ్యాసం వేసింది. ఆయన జవాబును వెయ్యలేదు. ఆ జవాబు చేతిరాత నకళ్ళు మా భవనంలో మెట్ల మీద చేతులు మారాయి. ఏప్రిల్ 16న ఆ ప్రాంతమంతా బంద్. ఇరవయ్యో తేదీ తెల్లవారకముందే బలగాలు విశ్వవిద్యాలయ వసతి గదుల్లోకి, ఆసుపత్రిలోకి దూరాయి. మేము నిద్రలేచింది అరుపులకు. కళ్ళు మండే పొగ కిటికీ సందుల్లోంచి వచ్చింది. తడిగుడ్డలు కుక్కాం. మధ్యాహ్నం న్నా కొడుకు ఎలాగో ఇల్లు చేరాడు. ఎడమ చెయ్యి మోచేతి కింద వంగిపోయి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళే దారి లేదు. నా పాత నూలు చీర ఒకటి పొడుగ్గా చింపాను. న్నా రొట్టెలు తిప్పే చెక్కను ఆనించి కట్టింది. ఆవిడ ఏడవలేదు. కట్టు బిగిస్తూ సీ మొహాంద్ పద్యం ఒకటి మొదలుపెట్టింది. కొడుకు పళ్ళ బిగువున చివరి పాదం అందుకున్నాడు.

నాలుగు రోజులు ఊరు అట్టుడికింది. అరెస్టయిన వాళ్ళలో ఇరవై నలుగురిని బెర్రువాగియా జైలుకు పంపి, జూన్‌లో విడిచిపెట్టారు. ఆ రోజులకు తఫ్సుత్ అన్న పేరు నిలిచింది, వసంతం అని. ఏటా ఏప్రిల్ 20న జరుపుకుంటారు. మమ్మెరీ 1989లో కారు ప్రమాదంలో పోయాడు. ఊరివాళ్ళకు మాత్రం ఆయన ఎప్పుడూ ద్దా లములూదే. పండితుడికి అంతకు మించిన బిరుదు ఉంటుందని నేను అనుకోను.

మా పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు కానీ ఇంగ్లీషులో జవాబిస్తారు. ఆ భాష నిలుస్తుందంటారా? (డల్లాస్ నుంచి ఒక తల్లి)

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాగితం మీద చూస్తే ఆ భాష గెలిచింది. 1994లో కబైల్ పిల్లలు బడి సంచులు మూలన పెట్టి ఒక చదువు సంవత్సరం మొత్తం వదులుకున్నాక భాష బడిలో అడుగుపెట్టింది. 2002లో జాతీయ భాష, 2016లో అధికార భాష. మొరాకోలో 2011 నుంచే రాజ్యాంగంలో ఉంది. గద్దాఫీ కాలంలో పేరెత్తనివ్వని లిబియాలో, ఆయన కూలిన 2011 తర్వాత నఫూసా కొండల పిల్లలు తమ భాషలో చదవడం మొదలుపెట్టారు.

ప్రతి మెట్టుకూ మూల్యం పడింది. 2001 ఏప్రిల్ 18న బెనీ దువాలా అనే ఊళ్ళో పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని పోలీసు ఠాణాలో కాల్చారు. అతను రెండు రోజులకు చనిపోయాడు. పేరు మసినిస్సా గెర్మా. దుగ్గా రాతి మీద ఉన్న పేరే. తర్వాతి నెలల్లో ఆ కొండల్లో నూట ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంకా 2019లో కూడా ఊరేగింపులో ఆ మూడు రంగుల జెండా పట్టుకున్నందుకు అల్జీరియాలో యువకులను జైల్లో పెట్టారు, అది అధికార భాష అయిన మూడేళ్ళకు.

మీ ప్రశ్న ప్రభుత్వాల గురించి కాదని నాకు తెలుసు. మౌరిటానియాలో జెనగా అనే శాఖ భాష కొద్దిమంది వృద్ధుల నోట మిగిలింది. దాన్ని ఎవరూ కాల్చలేదు. ఇళ్ళలో పిల్లలతో మాట్లాడటం మానేశారు, అంతే. న్నాకు బడి లేదు, పుస్తకం లేదు, రేడియోలో రోజుకు కొన్ని గంటలు తప్ప ఆవిడ భాష వినపడేది కాదు. అయినా ఐదుగురు పిల్లలకూ భాష పూర్తిగా ఇచ్చింది, ఎందుకంటే వేరే భాషలో అడిగితే జవాబిచ్చేది కాదు. పట్టుదల అనుకోకండి, ఆవిడకు రాదు. మీకు ఇంగ్లీషు వచ్చు. మీ కష్టం అక్కడుంది. రోజులో ఒక్క పూట, భోజనాల వేళ, మీకు ఇంగ్లీషు రానట్టే ఉండి చూడండి.

న్నా 1996లో పోయింది. చేతికి కట్టు కట్టిన ఆ కొడుకు ఇప్పుడు మాంట్రియల్‌లో ఉన్నాడు, తాత కూడా అయ్యాడు. ఏటా జనవరి 12న ఫోను చేస్తాడు. అది యెన్నాయెర్, వాళ్ళ సంవత్సరాది. పాత జూలియన్ లెక్కలోని జనవరి మొదటి తేదీ నుంచి వచ్చిన పండుగ. 2018 నుంచి అల్జీరియాలో ఆ రోజు ప్రభుత్వ సెలవు. ఆ పండుగకు కబైల్ ఇళ్ళలో మగపిల్లలకు మొదటిసారి జుట్టు తీస్తారు. అల్జీర్స్ వైపు, అరబ్బీ మాట్లాడే ఇళ్ళలో కూడా, అందరికంటే చిన్న బిడ్డను పెద్ద చెక్క పళ్ళెంలో కూర్చోబెట్టి నెత్తిన బాదం, అంజూరం, మిఠాయిలు పోస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. మర్నాడు భోగి. మా పాపకు అక్కడ రేగుపళ్ళు దొరక్క, న్నా ఇచ్చిన ఎండు అంజూరాలే కోసి భోగిపళ్ళు పోశాను. న్నా వచ్చి ఏ ప్రశ్నా వెయ్యకుండా తనూ ఒక దోసెడు పోసింది.

ఈ జనవరిలో అతను మనవరాలి చేతికి ఫోను ఇచ్చాడు. ఆరేళ్ళ పిల్ల, ఫ్రెంచి బడిలో చదువుతోంది. ‘అసెగ్గాస్ అమెగ్గాజ్’ అని నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పింది. అంతవరకు కంఠతా పట్టించినదే అనుకున్నాను. ఇంతలో వెనక వంటింట్లో ఏదో చప్పుడైంది. పిల్ల ఫోను పక్కన పెట్టి ఎవరితోనో గట్టిగా అంది, నీళ్ళు పొంగిపోతున్నాయని. అమాన్ అంది. క్రియ బహువచనంలో పెట్టింది.